బిషప్ జార్గెన్సన్‌కు మనం ఎత్తిన చేతులు

గ్రీస్‌వుడ్ వార్డు చర్చి సభ్యులారా, థేన్ జార్గెన్సన్‌ను బిషప్ పదవి నుంచి దింపింది గని కాదు. ప్రెసిడెంట్ ఆష్‌వర్త్ ఒక్కడూ కాదు. మీరు దింపారు. మీ కుడిచేతులు దింపాయి. ఆ వారం ఆయనిచ్చిన పిండిని రొట్టెలకు పిసికిన చేతులే అవి. పిండి గోళ్లలోంచి పోకముందే లేచాయి.

అందరికంటే ముందు లేచిన చెయ్యి నాది. కాబట్టి ఈ కాగితం చదువుతూ "చెప్పడానికి వీడెవడు" అని అడక్కండి. ఆ ప్రశ్న ఇరవైమూడేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.

మొన్న శనివారం ఆయన్ని పాతిపెట్టాం. గుమ్మంలో అందరి చేతికీ ఒక కాగితం ఇచ్చారు. "జీవితం, సేవ" అని పైన అచ్చేశారు. కుర్రతనంలో డెన్మార్క్ వెళ్లి రెండేళ్లు సువార్త చెప్పాడట. తిరిగొచ్చి గడ్డిపొలం, పాలపశువులు చూసుకున్నాడట. ఆర్విల్లాను చేసుకున్నాడు, ఐదుగురు పిల్లలు. 1946లో బిషప్‌గా పిలుపు. 1951లో "ఆరోగ్య కారణాల వల్ల" విడుదల. ఆ తర్వాత చనిపోయేదాకా చర్చిలో కుర్చీలు వేశాడు, చిన్నపిల్లలకు పాటలు నేర్పాడు.

ఆరోగ్య కారణాలు. ఆ మనిషికి 1951లో జలుబు కూడా చెయ్యలేదు.

మన బిషప్‌కు పెద్ద అంగీ ఉండదు, జీతం ఉండదు. నిన్నటిదాకా పక్క బల్ల మీద కూర్చున్నవాణ్ణే లేపి, ఈ మూడొందల మంది ఇక నీ బాధ్యత అంటారు. వాడు తన ఆవులు పితికి, మన చావులూ పెళ్లిళ్లూ పోట్లాటలూ చూసి, మళ్లీ వెళ్లి ఆవులు పితుక్కోవాలి. ఐదేళ్లు థేన్ అలాగే చేశాడు. ప్రసంగం మాత్రం చేతకాదు. ఆయన నోరు తెరిస్తే చంటిపిల్లలు ముందు నిద్రపోయేవాళ్లు, వాళ్ల తాతలు తర్వాత. కానీ 1950లో గని కప్పు కూలి మా తమ్ముడు ఆర్లో దానికింద నలిగి చనిపోయినప్పుడు, మా అమ్మ చూడకముందే శవాన్ని కడిగింది ఆయనే. చెవుల వెనక బొగ్గు కూడా గుడ్డతో తుడిచాడు. "చెవులు చూస్తుంది మీ అమ్మ," అన్నాడు. నిజంగానే చూసింది.

ఆ కప్పు కూలినందుకే మేం గని బయట కూర్చున్నాం. జీతం పెంచమని కాదు. కప్పు కింద దూలాలు వెయ్యమని. జనవరిలో కూర్చుంటే మే వచ్చినా లేవలేదు. మా వార్డులోనే ముప్పై కుటుంబాలు. గని మేనేజరు గోల్డెన్ ఆష్‌వర్త్. మన ఎనిమిది వార్డుల మీద ప్రెసిడెంటు కూడా ఆయనే. నాతోపాటు కూర్చున్న గ్రీకువాడు స్టెలియోస్ కాఫీ గ్లాసు ఊదుకుంటూ ఎగతాళి చేసేవాడు.

"ఒరే వెర్ల్, నువ్వు ప్రార్థన చేసేదీ ఆయనకే, సమ్మె చేసేదీ ఆయన మీదే. పొద్దున ఏది ముందు చేస్తావురా?"

"నోరు మూసుకుని తాగు," అనేవాణ్ణి.

మనకు ఆహారపు కొట్టు ఉంది. నెలకొక ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ తిండి విలువ అందులో పెడతాం. సెప్టెంబరులో ఆడవాళ్లంతా చర్చి వెనక చేరి, వేళ్లు కాలేలా పీచ్‌పళ్లు మరగబెట్టి సీసాలకెత్తుతారు. ఆ సీసాలు ఆష్‌వర్త్ తాత సంపాదించినవి కావు. కొట్టు తాళం బిషప్ దగ్గర ఉంటుంది. ఎవరింట్లో పొయ్యి చల్లారిందో చూసి ఇవ్వడం ఆయన పని. తీసుకున్నవాడు ఊరికే తీసుకోకూడదు, ఏదో ఒక పని చెయ్యాలి. అది మన పద్ధతి. థేన్ ఆ పద్ధతి తు.చ. తప్పలేదు. మాతో కాలవ పూడిక తీయించాడు, చర్చికి రంగు వేయించాడు.

నేను నిచ్చెన మీదుండగా ఆష్‌వర్త్ కారు దిగాడు.

"ఏం బ్రదర్ జార్గెన్సన్, సున్నం కొట్టిస్తున్నట్టున్నావే?"

"రంగండీ ప్రెసిడెంట్ గారూ. ఈ గాలికి సున్నం నిలవదు."

"పని ఎగ్గొట్టినవాళ్లతోనా?"

"ఎగ్గొట్టింది మీ పనండి. దేవుడి పని చేస్తూనే ఉన్నారు. అదిగో, ఆ నిచ్చెన మీదున్నవాణ్ణి చూడండి. మీ గనిలో ఎన్నడైనా అంత చురుగ్గా ఎక్కాడా?"

నేను నవ్వాను. ఆష్‌వర్త్ నవ్వలేదు.

"ఇకనుంచి గనికి తిరిగొచ్చినవాడి ఇంటికే కొట్టులోంచి సరుకు. మిగతావాళ్లకు లేదు. నేను గని మనిషిగా చెప్పట్లేదు. నీ మీద ప్రెసిడెంటుగా చెప్తున్నాను."

థేన్ టోపీ తీసి, లోపలంతా చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఆలోచిస్తానండి."

"ఇందులో ఆలోచించేదేముంది? పాటించడమే."

ఆయన ఆలోచించాడు. ఆ వచ్చే సోమవారం ఆర్విల్లా ఒక బట్టల బుట్ట పట్టుకుని మా గుమ్మం ఎక్కింది. సోమవారం ఊరంతా ఉతుకులే కదా. ఏ దండెం మీద చూసినా దుప్పట్లే. ఎవరింటికి ఎవరు బుట్ట మోసుకెళ్తున్నారో ఎవరూ పట్టించుకోరు. మా ఆవిడ లారూ పైనున్న తువ్వాలు తీసింది. కింద పిండి, చిక్కుడుగింజలు, రెండు పీచ్ సీసాలు, ఒక డబ్బా గొడ్డుమాంసం.

"తువ్వాలు మాత్రం తిరిగివ్వు," అంది ఆర్విల్లా. "అది మా అత్తది. పోతే ఆవిడ సమాధిలోంచి లేచొస్తుంది."

ముప్పై ఇళ్లకు అలాగే వెళ్లాయి బుట్టలు. ఏడు సోమవారాలు. మీ ఇంటికీ వచ్చింది. రాలేదని చెప్పేవాళ్లు ఇప్పుడే ఈ కాగితం చింపెయ్యండి. ఆరు వారాలు ఒక్కరు నోరు మెదపలేదు. ఈ ఊళ్లో ఒకరింట్లో రొట్టె మాడితే పక్క వార్డుకు తెలుస్తుంది. అలాంటి ఊరు నోరు కట్టేసుకుంది. మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని చేసింది ఆ ఆరు వారాలే.

ఏడో వారం నేను చెప్పేశాను.

మా పెద్దమ్మాయి నోలీన్ పెళ్లి ఆ నెలలోనే, కొండకవతలున్న మన చర్చి దేవాలయంలో. లోపలికి వెళ్లాలంటే చీటీ కావాలి. ముందు బిషప్ అడగాల్సినవి అడిగి సంతకం పెట్టాలి, తర్వాత ప్రెసిడెంటు. చీటీ లేని తండ్రి బయట పచ్చిక మీద నిలబడి, కూతురి పెళ్లి అయిందని ఎవరో వచ్చి చెప్తే వినాలి. థేన్ సంతకం పెట్టాడు. ఆష్‌వర్త్ సంతకానికి శుక్రవారం వెళ్లాను. చిన్న గది, రెండు కుర్చీలు.

"నీ నాయకులను సమ్మతిస్తున్నావా, బ్రదర్ స్టాకర్?"

"సమ్మతిస్తున్నానండి."

"తోటివాళ్లతో నిజాయితీగా ఉంటున్నావా?"

"ఉంటున్నానండి."

కలం తీశాడు. కాగితం మీద ఆనించి ఆపాడు.

"అయితే నిజాయితీగా ఒకటి చెప్పు. సోమవారాలు జార్గెన్సన్ భార్య మీ ఇంటికి బట్టలెందుకు మోసుకొస్తుంది? మీ లారూకు చేతుల్లేవా?"

స్టెలియోస్ అయితే నవ్వుతూ పది అబద్ధాలు చెప్పేవాడు, పైగా ఆయన ముందే సిగరెట్టు వెలిగించేవాడు. మనవాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థంకాని సంగతి ఇది. ఆ గదిలో అబద్ధమాడితే ఆ చీటీ చెల్లదు. సంతకం ఉన్నా చెల్లదు. కూతురు దేవుడి ముందు మోకరిల్లే చోటికి నేను దొంగచీటీతో వెళ్లినట్టు. అదీ నా భయం. మనిషి నమ్మకం నిలబెట్టడానికి అబద్ధమాడొచ్చని నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. అప్పటికి అలాంటి బడే నాకు తెలియదు.

నిజం చెప్పాను. బుట్టలు, తువ్వాళ్లు, సోమవారాలు, అన్నీ. నిజం చెప్పి నేను చేసినంత ద్రోహం అబద్ధమాడి ఎవడూ చేసి ఉండడు. ఆష్‌వర్త్ సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదాడు. నేను లేచి చెయ్యి కలిపాను. "థాంక్సండీ" అన్నాను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, నేను లెక్కపెట్టి, ఆ లెక్క కంపెనీకి అప్పజెప్పి, థాంక్స్ కూడా చెప్పొచ్చాను.

ఆదివారం ఆష్‌వర్త్ వేదిక ఎక్కాడు.

"బిషప్ జార్గెన్సన్‌ను బాధ్యత నుంచి విడుదల చేస్తున్నాం. ఆయన సేవకు కృతజ్ఞత చూపదలచినవారు కుడిచేయి ఎత్తండి."

కృతజ్ఞత అంటే ఎత్తకుండా ఎలా ఉంటాం? ఎత్తాం. తర్వాత ఆష్‌వర్త్ ఒక పేరు చదివాడు, కొత్త బిషప్ అని: గని హాజరు గుమస్తా లైమన్ టోల్‌మన్. "సమ్మతించేవారు?" నా చెయ్యి ముందు లేచింది. పక్కవాళ్లు నా చెయ్యి చూసి లేపారని ఇప్పటికీ అనుమానం. హాలంతా చేతులు. "అభ్యంతరం ఉన్నవారు ఇదే గుర్తు చూపండి," అని ఆష్‌వర్త్ మామూలుగా పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటూనే అన్నాడు. ఎవరూ ఎత్తరని తెలుసు కదా. మన పుట్టుకలో ఎవరు ఎత్తారు? ఆ ప్రశ్న మనల్నే అడుగుతున్నారని కూడా మనకు తట్టదు. ఎత్తిన చేతులు ఎప్పుడు దించాలా అని చూస్తుంటాం.

థేన్ కూడా ఎత్తాడు, వేదిక మీద కూర్చుని. మీరిప్పుడు దాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు. "ఆయనే ఎత్తాడుగా, మనదేం తప్పు," అంటున్నారు. ఆయన చెయ్యి ఆయనది. ముప్పై బుట్టల పిండి తిన్నది మనం.

సోమవారం బుట్టలు రాలేదు. తర్వాతి సోమవారమూ రాలేదు. దాని మర్నాటికి మేం దూలాలు లేకుండానే గనిలోకి దిగాం.

ఆ మధ్యలో బుధవారం నోలీన్ పెళ్లి. మా కారు రేడియేటరు పగిలి మూలన పడి ఉంది. ఎవర్ని అడగాలో తెలియక నిలబడ్డాను. పొద్దున ఏడింటికి మా వాకిట్లో ట్రక్కు హారను. థేన్. గడ్డి మోసే ట్రక్కు వెనక భాగం కడిగి, దుప్పట్లు పరిచి తెచ్చాడు. నల్ల సూటు వేసుకున్నాడు, మెడకు టై. దేవాలయానికి వేసుకునే సూటే.

"పెళ్లికూతురు ముందు సీట్లో. మిగతా గొర్రెలన్నీ వెనక," అన్నాడు.

నేను ఆయన ముఖం చూడలేకపోయాను. లారూ మాత్రం "మీరు లేకపోతే ఏమయ్యేవాళ్లం బిషప్," అంది. "బిషప్ లైమన్ కదమ్మా ఇప్పుడు," అని నవ్వాడు.

కొండ దాటి దిగాం. దేవాలయం గుమ్మం దగ్గర నేను ఆగాను. "రండి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"నీ చిన్న కూతుళ్లిద్దర్నీ ఎవరు చూస్తారు? వెళ్లు వెర్ల్. ఆలస్యమైతే పెళ్లికొడుకు మనసు మారిపోతుంది."

అప్పుడర్థమైంది. ఆయన చీటీ లాగేసుకున్నారు. నాయకుడి మాట పాటించనివాడికి చీటీ ఉండదు. నా జేబులో ఆష్‌వర్త్ సంతకం పెట్టిన చీటీ ఉంది. అది దేనికి బదులుగా వచ్చిందో నాకొక్కడికే తెలుసనుకున్నాను.

లోపల తెల్లబట్టల్లో నోలీన్ మోకరిల్లింది. ఏం చెప్పారో ఒక్క ముక్క వినపడలేదు. బయటకొచ్చేసరికి థేన్ ఎండలో పచ్చిక మీద సూటుతోనే కూర్చున్నాడు. విల్లో కొమ్మ బెరడు ఊడదీసి మా పిల్లలకు ఈలలు చేసిచ్చాడు. మా పిల్లలు ఈలలేస్తూ వచ్చి అక్కను చుట్టేశారు. ఆయన మోకాళ్లకు పచ్చిక మరకలయ్యాయి. లేచి, దులుపుకుని, పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని ఊపాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా వాళ్ల పక్కన నిలబడి ఫోటో దిగాను. ఫోటో తీసింది కూడా ఆయనే.

మన చర్చి నడవాలో బిషప్‌ల ఫోటోలు వరసగా ఉంటాయి. ఆరో ఫోటో తర్వాత ఒక మేకు, ఖాళీగా. దాని తర్వాత లైమన్ టోల్‌మన్ బోసినవ్వు. 1951లో మేకు కొట్టారు, ఫోటో పెట్టొద్దన్నారు, మేకు పీకడం ఎవరికీ గుర్తులేదు. ఆ మేకు కిందుగా ఇరవైమూడేళ్లు ఆదివారం ఆదివారం కుర్చీలు మోశాడాయన. చీటీ మళ్లీ ఎప్పుడిచ్చారో నాకు తెలియదు. అడగలేదు. అడిగే ముఖం లేదు.

ఈలోగా నేను ఏమయ్యానో మీకు తెలుసు. గని గేటు దగ్గర పెట్టె ఎక్కి అరిచాను. రెండుసార్లు జైలుకెళ్లాను. దూలాలు వేయించాను, మాస్కులు ఇప్పించాను. వెర్ల్ స్టాకర్‌కు భయం లేదని మీరే అన్నారు. అంత అరిచినవాణ్ణి నడవాలో మేకు దగ్గరకొస్తే అవతలి గోడ వైపు మొహం తిప్పి నడిచేవాణ్ణి.

ఆయన పోయిన రోజు ఆర్విల్లా నన్ను పిలిపించింది.

"సమాధి కార్యక్రమంలో నువ్వు మాట్లాడాలయ్యా. మా పిల్లలకు చేతకాదు. నీకు నోరుందిగా. గని ముందు అరిచినట్టు అరవకు, అంతే."

ఒప్పుకున్నాను. రాసుకున్నాను. బుట్టల సంగతి, శుక్రవారం గది సంగతి, అంతా రాసుకున్నాను. వేదిక ఎక్కాను. ముందు బల్లలో ఆష్‌వర్త్, ఎనభై దాటాడు, చెవికి యంత్రం. ఆయన వెనక నోలీన్, దాని పక్కన నా మనవలు. కాగితం విప్పాను. "థేన్ కుర్చీలు చాలా తిన్నగా వేసేవాడు," అన్నాను. జనం కన్నీళ్లతోనే నవ్వారు. అది విని ఇంకో రెండు కుర్చీల జోకులు చెప్పాను. కాగితం మడిచి కూర్చున్నాను. రెండోసారి చెయ్యెత్తినట్టే.

హాల్లో భోజనాలు. చీజు పోసి కాల్చిన బంగాళాదుంపలు, హ్యాము, క్యారెట్ తురుము వేసిన పచ్చ జెల్లీ. ఆర్విల్లా కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా తనే వడ్డిస్తోంది. నా పళ్లెంలో వేసింది.

"బాగా మాట్లాడావు."

"నేను చెప్పాల్సింది అది కాదు ఆర్విల్లా."

"తెలుసు."

"నీకేం తెలుసు?"

"ఆ శుక్రవారం సాయంత్రమే ఆష్‌వర్త్ మా ఇంటికొచ్చి చెప్పాడు, ఎవరు చెప్పారో పేరుతో సహా. నాకు ఒళ్లు మండింది. మీ ఇంటికొచ్చి మా అత్త తువ్వాలు లాక్కుని నీ మొహాన నాలుగు అనేసి వద్దామని లేచాను. ఈయన తలుపుకడ్డం నిలబడ్డాడు. 'బుధవారం పిల్ల పెళ్లి. నోర్ముయ్యి,' అన్నాడు. ఇంత కాపురంలో నన్ను నోర్ముయ్యమన్నది ఆ ఒక్కసారే."

"పెళ్లి అయ్యాక వచ్చి ఉండాల్సింది."

"అయ్యాక అడిగాను. మీ రెండోదాని పెళ్లి ఉందన్నాడు. తర్వాత మూడోది. నీకు కూతుళ్లు ఎక్కువయ్యా." గరిటె పెద్ద గిన్నెలో పెట్టింది. "నువ్వే వచ్చి చెప్తావని చూశాడు. మొదటి రెండేళ్లు మా గేటు చప్పుడైతే తల ఎత్తేవాడు. తర్వాత మానేశాడు. తిను, చల్లారిపోతోంది."

తినలేకపోయాను. పళ్లెం కిటికీలో పెట్టి బయటికొచ్చాను.

ఇది యూనియన్ హాలు యంత్రం మీద నేనే అచ్చేసి, మీ పాటల పుస్తకాల్లో నేనే పెడుతున్నాను. వచ్చే ఆదివారం వార్డు సమావేశం. ఇప్పటి ప్రెసిడెంటు వస్తాడు, పేర్లు చదువుతాడు, చేతులెత్తమంటాడు. తర్వాత అభ్యంతరం ఉందా అని అడిగి, పేజీ వెతుక్కుంటాడు. అప్పుడు నేను ఎత్తుతాను. ఏ పేరు మీదా నాకు గొడవ లేదు. ఎందుకు ఎత్తావని అడుగుతారు. అడగాలి, అది కూడా మన పద్ధతే. అప్పుడు నిలబడి ముందు నా సంగతి చెప్తాను, ఎవరు చెప్పేశారో. నోలీన్ వింటుంది. వినాలి.

తర్వాత మీ వంతు. 1951లో ఏ ఇంటి గుమ్మంలో బట్టల బుట్ట దిగిందో ఆ ఇంటివాళ్లు, ముసలివాళ్లయితే మీరు, పోయుంటే మీ పిల్లలు, చెయ్యెత్తండి. ఎత్తి దించకండి. "ఆరోగ్య కారణాలు" అన్న మాట కొట్టేసి, ఆకలిగొన్నవాళ్లకు పెట్టినందుకు దింపామని వార్డు చరిత్రలో రాసేదాకా దించకండి. అదే వేదిక మీంచి ఆర్విల్లా ముఖం చూసి చదివేదాకా దించకండి. చెయ్యి లాగితే పక్కవాళ్లు పట్టుకోండి.

ఫోటో ఆర్విల్లా దగ్గర తీసుకున్నాను. న్యూస్‌పేపరులో చుట్టి నా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. సుత్తి అక్కర్లేదు. మేకు అక్కడే ఉంది. ఆ రోజు ఇంటికెళ్లే ముందు దాన్ని అక్కడ తగిలించాలి, మనమే తగిలించాలి.